ల్యాప్‌టాప్ కొనేముందు మూడో ఏడు గురించి అడగండి

షాపులో ల్యాప్‌టాప్ ముందు నిలబడగానే అందరూ అడిగేది ఒకటే, ప్రాసెసర్ ఏదన్నా, ర్యామ్ ఎంతన్నా అని. నేను కర్నూలులో షాపులకు, ఆదోని, ఎమ్మిగనూరు వైపు మిల్లులకు లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ వేసిపెట్టి, వాళ్ళ కంప్యూటర్ల బాగోగులు చూసే పని చేస్తా. ఇన్నేళ్ళలో ప్రాసెసర్ చెడిపోయి మూలనపడ్డ ల్యాప్‌టాప్ నా చేతికి రావడం చాలా అరుదు. వచ్చేవన్నీ వేరే జబ్బులతో వస్తాయి. మూత తెరవగానే పటుక్కుమన్న హింజ్ (మూతను బాడీకి కలిపే బందు), పిన్ను పట్టుకుని అలాగే కూర్చుంటే తప్ప చార్జింగ్ ఎక్కని జాక్, ఎంటర్ కీ పడని కీబోర్డు, లోపల ఉబ్బి టచ్‌ప్యాడ్‌ను పైకి లేపేసిన బ్యాటరీ, దుమ్ము పట్టి హోరున అరిచే ఫ్యాను. షాపులో మూత పక్కన అంటించిన స్టిక్కరు మీద వీటిల్లో ఒక్కదాని గురించీ ఒక్క ముక్క ఉండదు.

ఇప్పుడు ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మా అక్క కూతురు సీఏ ఇంటర్ రెండు గ్రూపులూ పాసై ఇక్కడే కర్నూలులో ఒక ఆడిటర్ గారి దగ్గర ఆర్టికల్‌షిప్‌లో, అంటే పని నేర్చుకునే శిక్షణలో చేరింది. సొంత ల్యాప్‌టాప్ తెచ్చుకోమన్నారు. బావ యాభై ఐదు వేల దాకా పెడతానన్నాడు. ఆ డబ్బుకు షాపువాళ్ళు చూపించింది 15.6 ఇంచీల పెద్ద స్క్రీను, ఐ5, 16 జీబీ ర్యామ్, వెండి రంగు బాడీ, పైన ఒక బ్యాగు ఫ్రీ. నేను చెప్పింది 14 ఇంచీల నల్లటి బిజినెస్ మోడల్, అంటే కంపెనీల కోసం చేసే రకం, ర్యామ్ 8 జీబీనే. "ఏమబ్బా, అదే దుడ్డు పెట్టి తక్కువది తీసుకోమంటావే?" అన్నాడు బావ. న్యాయమైన ప్రశ్నే. ఇదే ప్రశ్న నన్ను చాలామంది అడుగుతుంటారు, ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలే విషయం కాదు కాబట్టి ఇక్కడ వివరంగా రాసేస్తున్నా.

ముందు ఆ అమ్మాయి పని చూడండి. ఆర్టికల్‌షిప్ ఇప్పుడు రెండేళ్ళు, ఆ తర్వాత ఫైనల్ పరీక్షకు చదువుకునే కాలం. అంటే ఆ ల్యాప్‌టాప్ ఎంత లేదన్నా మూడేళ్ళు నిలబడాలి. ఆఫీసులో ఒకచోట కూర్చునే పని కాదు. ఆడిట్ అంటే క్లయింటు దగ్గరికే పోవాలి, ఈ వారం నంద్యాల, వచ్చేవారం ఆదోని. ఆర్టీసీ బస్సులో వంద కిలోమీటర్ల దాకా ఒళ్ళో బ్యాగు పెట్టుకుని కూర్చోవడం, సీటు దొరక్కపోతే బ్యాగు పైన ర్యాకులో పెట్టడం, దాని మీద ఇంకెవరో సంచి పెట్టడం. అక్కడ దిగాక రోజుకు పదిసార్లు మూత తెరవడం, మూయడం, అరచేతిలో పెట్టుకుని ఈ గదిలోంచి ఆ గదికి నడవడం. మూత ఒక్క మూల పట్టుకుని ఎత్తొద్దని ఎంత చెప్పినా, చేతిలో ఫైళ్ళున్న మనిషి ఒక్క మూలే పట్టుకుని ఎత్తుతుంది.

ఆ మూల దగ్గర ఏం జరుగుతుందో చెప్తా, ఎందుకంటే నా దగ్గరికి వచ్చే చవక మోడళ్ళలో ఎక్కువ భాగం అక్కడే పోతాయి. హింజ్ అనేది ఇనుముదే, అది విరగదు. కానీ ఆ ఇనుమును బాడీకి పట్టి ఉంచేవి చిన్న చిన్న ఇత్తడి నట్లు, మినపగింజంత ఉంటాయి. ఆ నట్లను ప్లాస్టిక్ గుంజల్లో వేడిచేసి దిగేసి ఉంటారు. స్క్రీను ఎత్తిన ప్రతిసారీ బలమంతా ఆ ప్లాస్టిక్ మీదే పడుతుంది. కొత్తలో ఏమీ తెలీదు. ఏడాదీ ఏడాదిన్నరకు హింజ్ బిగుసుకుంటుంది, ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది, ఒకరోజు తెరుస్తుంటే కుడిపక్క మూలలో బాడీ చిన్నగా నోరు తెరుస్తుంది. గోరు పట్టేంత సందే. అది చూసి చాలామంది మూత వేసి అదిమేస్తారు, సరిపోయిందనుకుంటారు. లోపల అప్పటికే ఒక గుంజ ఊడిపోయి ఉంటుంది, బరువంతా మిగిలిన రెండింటి మీద పడి అవి కూడా నెల తిరక్కుండా ఊడతాయి. ఆ ఊగులాటలో డిస్‌ప్లే వైరు నలిగితే స్క్రీను మీద గీతలు మొదలవుతాయి.

అప్పుడు మా రిపేరు భాయ్ దగ్గరికి తీసుకుపోతాం. ఆయన ఊడిన ఇత్తడి నట్లను ఏరి, ఆరల్డైట్ పెట్టి మళ్ళీ నిలబెడతాడు, అదీ నిలవకపోతే బాడీకి అవతల దాకా బెజ్జం వేసి బోల్టు బిగించేస్తాడు. ఆయన చేతిపని మీద నాకు చాలా గౌరవం. కానీ ఆయనే అంటాడు, "అన్నా, ఇది నేను చేసినా కంపెనీవాళ్ళు చేసినా ఒకటే, కింద పట్టుకునేదానికి ప్లాస్టిక్ లేదు. బాడీ మొత్తం మార్చాల" అని. బాడీ దొరకాలి, దొరికినా దాని రేటు వింటే ల్యాప్‌టాప్ యజమాని మొహం వాడిపోతుంది. నేను వాడిన ఒకదానికి కూడా ఇదే జరిగింది, పెద్ద కంపెనీదే, వారంటీ అయిపోయిన కొన్నాళ్ళకే. వారంటీలో ఉన్నా ఒరిగేదేమీ లేదు, చాలా కంపెనీలు హింజ్ దగ్గర విరిగితే దాన్ని చేజేతులా చేసిన డ్యామేజీ కిందే రాస్తాయి.

ఇక ఆదోని. పత్తి మార్కెట్‌కు పేరున్న ఊరు, జిన్నింగ్ మిల్లులు ఉన్న ఊరు. మిల్లు ఆఫీసు గది తలుపు వేసి ఉన్నా గాలిలో సన్నటి దూది నూగు తేలుతూనే ఉంటుంది. మిల్లులో గుమస్తా వాడే ఒక ల్యాప్‌టాప్ వేడెక్కి ఆగిపోతోందంటే పోయి విప్పాను. ఫ్యానుకూ దాని ముందున్న రాగి రేకులకూ మధ్య ఒక పొర పేరుకుని ఉంది. పట్టకారుతో ఒక కొన పట్టి లాగితే మొత్తం చాపలాగా ఒక్క ముక్కగా వచ్చింది, బూడిద రంగులో, మెత్తగా. గాలి పోయే దారి పూర్తిగా మూసుకుపోయి ఉంది. శుభ్రం చేశాక మామూలుగా పనిచేసింది. ఆ పొర తీయడానికి అయిదు నిమిషాలు చాలు, కానీ వెనక మూత విప్పడానికే చాలా సమయం పట్టింది. కొన్ని స్క్రూలు రబ్బరు కాళ్ళ కింద దాచి ఉన్నాయి, చుట్టూ ప్లాస్టిక్ క్లిప్పులు, వాటిలో రెండు విప్పేటప్పుడే విరిగాయి.

బిజినెస్ లైనులో ఉన్న చాలా మోడళ్ళలో ఈ పని వేరేలా ఉంటుంది. వెనక నాలుగైదు నుంచి ఎనిమిదో తొమ్మిదో స్క్రూలు, అన్నీ కనబడేవే. విప్పితే కింద రాలిపోవు, మూతలోనే ఉండిపోతాయి. మూత తీస్తే ఫ్యాను, బ్యాటరీ, ఎస్ఎస్‌డీ, ర్యామ్ కళ్ళ ముందే ఉంటాయి. ఎండాకాలంలో కర్నూలు 42, 43 డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు. చాలా ల్యాప్‌టాపుల మాన్యువల్ తెరిచి చూస్తే పనిచేసే ఉష్ణోగ్రత 35 డిగ్రీల దాకా అనే రాసి ఉంటుంది. అంటే ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని గదిలో మనం వాడుతున్నదంతా కంపెనీ చెప్పిన హద్దు దాటి వాడటమే. అలాంటి చోట ఫ్యాను సులువుగా శుభ్రం చేసుకునే వీలుండటం విలాసం కాదు.

ఈ తేడా ఎందుకొచ్చిందో తెలిస్తే కొనేటప్పుడు సగం అయోమయం పోతుంది. బిజినెస్ లైనులో పేరున్న థింక్‌ప్యాడ్‌ను ఐబీఎం 1992లో తెచ్చింది, 2005లో ఐబీఎం కంప్యూటర్ల వ్యాపారాన్ని లెనోవో కొనుక్కుంది. డెల్‌కు ల్యాటిట్యూడ్, హెచ్‌పీకి ఎలైట్‌బుక్, ప్రోబుక్ ఉన్నాయి. ఇవి షాపు అద్దాల వెనక పెట్టి అమ్మడానికి చేసినవి కాదు. బ్యాంకులు, సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఒక్కసారిగా వందలు, వేలు కొంటాయి, కొన్నాక మూడేళ్ళో నాలుగేళ్ళో వాడతాయి, రిపేర్లన్నీ వాళ్ళ ఐటీ వాళ్ళే చూసుకోవాలి. అక్కడ కొనేవాడు అడిగే మొదటి ప్రశ్నే కీబోర్డు పోతే ఎంతసేపట్లో మారుస్తావు, బ్యాటరీ ఎన్నేళ్ళు దొరుకుతుంది అని. ఆ ప్రశ్నకు జవాబుగా తయారైన వస్తువు అది. ఇన్‌స్పిరాన్, పెవిలియన్, ఐడియాప్యాడ్ లాంటివి పండగ ఆఫర్లో ఇంటికి ఒకటి కొనుక్కుపోయేవాళ్ళ కోసం చేసినవి. అక్కడ పోటీ అంతా స్టిక్కరు మీదే, అదే రేటుకు పక్కవాడికంటే ఒక అంకె ఎక్కువ చూపించాలి. ఆ ఎక్కువ అంకెకు అయ్యే ఖర్చు ఎక్కడో ఒకచోట మిగుల్చుకోవాలి కదా, హింజ్ దగ్గర, కీబోర్డు దగ్గర మిగుల్చుకుంటారు.

కీబోర్డు సంగతి వేరేగా చెప్పాలి. ఇలా ఇళ్ళకు అమ్మే కన్స్యూమర్ మోడళ్ళలో చాలావాటికి కీబోర్డును పైబాడీకి ప్లాస్టిక్ కరిగించి అతికేస్తారు, స్క్రూలు ఉండవు. నాలుగు కీలు పోతే పైబాడీతో సహా మార్చాలి, లేదా ఆ కరిగిన ముడులన్నీ తెంచి కొత్తది పెట్టి మళ్ళీ అతికించే ఓపికున్న మనిషిని వెతుక్కోవాలి. థింక్‌ప్యాడ్ టీ సిరీస్‌లో చాలావాటికి కీబోర్డు విడి భాగం, స్క్రూలు విప్పితే వచ్చేస్తుంది, పైగా టీ ఒలికితే కిందికి కారిపోయేలా కాలువలు, బెజ్జాలు ఉంటాయి. రోజంతా అంకెలు కొట్టే పనికి కీబోర్డే మెయిన్.

అయితే పేరు చూసి మోసపోవద్దు. బిజినెస్ అని రాసినవన్నీ ఒకే మెట్టు మీద ఉండవు. లెనోవోలో ఈ, ఎల్, టీ, ఎక్స్ అని ఉంటాయి, ఈ సిరీస్ కింది మెట్టు. ల్యాటిట్యూడ్‌లో 3000 కిందిది, 5000 మధ్యది, 7000 పైది. హెచ్‌పీలో ప్రోబుక్ 400 కంటే ఎలైట్‌బుక్ 800 పైన. 2025 జనవరిలో డెల్ ల్యాటిట్యూడ్ పేరు పక్కనపెట్టి డెల్ ప్రో అని మొదలుపెట్టింది కాబట్టి కొత్తవాటిలో ఆ పేరు కనబడుతుంది. కింది మెట్టు మోడళ్ళలో ప్లాస్టిక్ ఎక్కువే ఉంటుంది, టీ సిరీస్ అంత గట్టితనం ఆశించకూడదు, కానీ విప్పడం, భాగాలు దొరకడం, వారంటీ పొడిగించుకోవడం అనే మూడు విషయాల్లో అవి బిజినెస్ లైను వైపే ఉంటాయి.

ఇంకో మాట. మిలిటరీ గ్రేడ్ అని స్టిక్కరు చూసి కొనేవాళ్ళున్నారు. మిల్ ఎస్‌టీడీ 810హెచ్ అనేది అమెరికా రక్షణ శాఖ రాసిన పరీక్షల పద్ధతి, 2019 నుంచి ఉన్న రూపం ఇది. ఎత్తు నుంచి పడేయడం, కంపనం, దుమ్ము, వేడి, తేమ ఇలా చాలా పరీక్షలు అందులో ఉన్నాయి. వాటిలో ఏవి చేయాలి, ఎంత తీవ్రంగా చేయాలి అనేది తయారీదారే ఎంచుకుంటాడు, మిలిటరీ వాళ్ళు వచ్చి ముద్ర వేసేదేమీ లేదు. ఇప్పుడు చవక మోడళ్ళ మీద కూడా ఆ పేరు వేస్తున్నారు. అందుకని ఆ ఒక్క స్టిక్కరు చూసి రెండింటి మధ్య నిర్ణయం చేసుకోకండి.

అందుకంటే గట్టి పద్ధతి ఒకటుంది, పైసా ఖర్చు లేదు. మీరు కొనాలనుకున్న మోడల్ పేరు కొట్టి, దాని సర్వీస్ మాన్యువల్ వెతకండి. లెనోవో వాళ్ళు హార్డ్‌వేర్ మెయింటెనెన్స్ మాన్యువల్ అంటారు, హెచ్‌పీ వాళ్ళు మెయింటెనెన్స్ అండ్ సర్వీస్ గైడ్ అంటారు, వాళ్ళ వెబ్‌సైట్లలోనే ఉంటుంది. అందులో కీబోర్డు మార్చడం అనే పేజీకి పోయి, దానికి ముందు ఏమేం విప్పాలని రాశారో లెక్కపెట్టండి. మదర్‌బోర్డుతో సహా అన్నీ విప్పమని ఉంటే మీకు విషయం అర్థమైపోతుంది. ర్యామ్ స్లాట్లు ఎన్ని, బోర్డుకే సోల్డర్ చేసిన ర్యామ్ ఎంత, బ్యాటరీ స్క్రూలతో ఉందా జిగురుతో అతికించారా అన్నీ అక్కడే తెలుస్తాయి. బిజినెస్ మోడలైనా సన్నగా ఉండాలని ర్యామ్ మొత్తం సోల్డర్ చేసినవి ఉన్నాయి, థింక్‌ప్యాడ్ టీ14ఎస్, ఎక్స్1 కార్బన్ అలాంటివే. వాటిలో కొన్న రోజు ఎంత ర్యామ్ ఉందో చివరిదాకా అంతే. బావ అడిగిన 8 జీబీ ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే దొరికింది, మేం చూసిన మోడల్‌లో ఒక స్లాట్ ఖాళీగా ఉంది. ర్యామ్ ఎప్పుడైనా వేసుకోవచ్చు, హింజ్ గుంజలు మళ్ళీ వేసుకోలేం.

కన్స్యూమర్ మోడల్ గెలిచే చోట్లు లేవని కాదు, నిజంగానే ఉన్నాయి. అదే రేటుకు ప్రాసెసర్ వేగం, ర్యామ్, స్టోరేజీ ఎక్కువొస్తాయి. స్క్రీను విషయంలో బిజినెస్ మోడళ్ళు కొన్ని చాలా నిరాశపరుస్తాయి, కంపెనీలకు గుత్తగా అమ్మేవాటిలో 250 నిట్స్ (నిట్స్ అంటే స్క్రీను వెలుగు కొలత) మసక ప్యానెల్ పెట్టేస్తారు, రంగులు వెలిసిపోయినట్టుంటాయి, కిటికీ పక్కన కూర్చుంటే ఎక్సెల్ గళ్ళు కూడా కనబడవు. కొనేముందు ఏ ప్యానెలో కనుక్కుని, 300 నిట్స్‌కు తగ్గకుండా చూసుకోండి. ఇంకా, అకౌంట్స్ చేసేవాళ్ళకు పక్కన నంబర్ ప్యాడ్ లేకపోతే చెయ్యి విరిచినట్టుంటుంది. 15.6 ఇంచీల కన్స్యూమర్ మోడళ్ళలో అది మామూలే, 14 ఇంచీల బిజినెస్ మోడళ్ళలో ఉండదు. మా అమ్మాయి పట్టుబట్టింది దీని మీదే. "మామా, వోచర్లు కొట్టేది నేను, నువ్వు కాదు" అంది. పెద్ద సైజు బిజినెస్ మోడళ్ళలో, అంటే ల్యాటిట్యూడ్ 5520, థింక్‌ప్యాడ్ ఎల్15 లాంటివాటిలో నంబర్ ప్యాడ్ ఉంది, కానీ బస్సులో ఒళ్ళో పెట్టుకునేదానికి అంత పెద్దది వద్దనీ తనే అంది. చివరికి విడిగా ఒక యూఎస్‌బీ నంబర్ ప్యాడ్ కొన్నాం, ఆఫీసులో టేబుల్ మీద అది పెట్టుకుంటుంది.

యూఎస్‌బీ అంటే గుర్తొచ్చింది. ఆడిటర్ ఆఫీసులో డిజిటల్ సంతకం టోకెన్ లేకుండా పని జరగదు. ఆ టోకెన్లు ఇప్పటికీ మామూలు వెడల్పాటి యూఎస్‌బీ పిన్నుతోనే ఎక్కువ వస్తాయి. ఒకదాంట్లో టోకెన్, ఇంకోదాంట్లో పెన్‌డ్రైవ్ లేదా ప్రింటర్, ఇప్పుడు నంబర్ ప్యాడ్ కూడా. సన్నటి మోడల్ కొని రెండు టైప్ సీ పోర్టులతో వచ్చినవాళ్ళు అడాప్టర్ ఇంట్లో మర్చిపోయి నా సాయం అడిగిన సందర్భాలున్నాయి. నెట్ వైరు పెట్టే పోర్టు ఉంటే ఇంకా మంచిది, మిల్లుల్లో వైఫై మీద ఆధారపడలేం. ఈ చిన్న విషయాలే నెలనెలా వేసే జీఎస్టీ రిటర్ను జీఎస్టీఆర్ 3బీ గడువు 20వ తేదీన, రాత్రి పోర్టల్ నెమ్మదించినప్పుడు పెద్ద టెన్షన్ అవుతాయి.

వారంటీ గురించి బావకు నేను చెప్పిందే అందరికీ చెప్తా. చవక మోడళ్ళకు సాధారణంగా ఏడాది, చాలావాటికి మనమే సర్వీస్ సెంటరుకు మోసుకుపోవాలి. బిజినెస్ మోడళ్ళలో మూడేళ్ళ ఆన్‌సైట్ తీసుకునే వీలుంటుంది, కొన్ని దానితోనే వస్తాయి, కొన్నింటికి కొనేటప్పుడు అదనంగా కట్టాలి. ఆన్‌సైట్ అంటే భాగం పట్టుకుని ఇంజనీరు మన దగ్గరికే వస్తాడు. కానీ ఆ మాట పట్టణాన్ని బట్టి మారుతుంది, హైదరాబాదులో మర్నాడే వచ్చేది మన దగ్గర ఆలస్యం కావచ్చు. అందుకని డబ్బు కట్టకముందే కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి, పిన్‌కోడ్ చెప్పి అడగండి, 518001కి ఆన్‌సైట్ ఉందా, ఎన్ని రోజుల్లో వస్తారు అని. షాపువాళ్ళ మాట కాదు, కంపెనీ మాట కావాలి. బిల్లు చేతికొచ్చాక సీరియల్ నంబరు కంపెనీ సైటులో కొట్టి, కట్టిన వారంటీ ఎక్కిందో లేదో ఆ రోజే చూసుకోండి.

ఇక మూడో దారి, పాత బిజినెస్ మోడల్. నిజం చెప్పాలంటే డబ్బు తక్కువున్నవాళ్ళకు నాకు అన్నిటికంటే నచ్చే దారి ఇదే. కంపెనీలు లీజు అయిపోయాక వేలకొద్దీ తీసేస్తాయి, అవి శుభ్రమై బయటికొస్తాయి. మనకు దగ్గర సికింద్రాబాదులోని కంప్యూటర్ల బజారు సీటీసీ, అనంతపురం వాళ్ళకైతే బెంగళూరు ఎస్‌పీ రోడ్డు. ఒకప్పుడు లక్షకు పైగా పలికిన ల్యాటిట్యూడ్ 7000, ఎలైట్‌బుక్ 800, టీ సిరీస్ లాంటివి కొత్త చవక మోడల్‌లో సగం రేటుకు దొరుకుతాయి. ట్యాలీకి, ఎక్సెల్‌కు, పోర్టల్ పనికి ఆ ప్రాసెసర్లు బ్రహ్మాండంగా సరిపోతాయి. కానీ చూడాల్సినవి చూసి కొనాలి.

మొట్టమొదట, 8వ తరం ఇంటెల్ ప్రాసెసర్ కంటే పాతది వద్దు. విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, విండోస్ 11కు ఇంటెల్‌లో 8వ తరం నుంచే కంపెనీ ఒప్పుకుంటుంది, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కూడా ఉండాలి. థింక్‌ప్యాడ్ టీ470, టీ480 చూడటానికి ఒకేలా ఉంటాయి, రేటులో తేడా కూడా పెద్దగా ఉండదు, కానీ మొదటిదాంట్లో 8వ తరం రాదు, రెండోదాంట్లో ఎక్కువగా 8వ తరమే, అదీ చూసే తీసుకోవాలి. పదిమంది క్లయింట్ల లెక్కలు, పాస్‌వర్డులు ఉండే మెషీన్‌లో సెక్యూరిటీ అప్‌డేట్లు రాకపోతే ఎలా? షాపువాళ్ళు ఏదో విధంగా పాతదాంట్లో కూడా 11 వేసి ఇస్తారు, ఒప్పుకోవద్దు.

తర్వాత స్టార్ట్ అవుతుండగా బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల్లోకి పోయి చూడండి, పాస్‌వర్డ్ అడిగితే పక్కన పెట్టేయండి. పాత కంపెనీ వేసిన తాళం అది, దాన్ని తీయించడం మామూలు రిపేరు కాదు. విండోస్ కొత్తగా ఎక్కించి నెట్‌కు కలిపినప్పుడు ఏదో కంపెనీ పేరుతో లాగిన్ అడిగినా అంతే, ఆ మెషీన్ ఇంకా వాళ్ళ లెక్కలోనే ఉందని అర్థం. బ్యాటరీకి కమాండ్ ప్రాంప్ట్ తెరిచి powercfg /batteryreport అని కొడితే ఒక ఫైలు తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ ఎంత, ఇప్పుడు పట్టేది ఎంత అని రెండు అంకెలు పక్కపక్కన ఉంటాయి. 50 వేలు ఉండాల్సింది 28 వేలు ఉంటే కొత్త బ్యాటరీ ఖర్చు రేటులో తగ్గించమని అడగండి. మూత సగం తెరిచి వదిలి, అక్కడే నిలబడుతుందో వాలిపోతుందో చూడండి. కీలన్నీ ఒక్కొక్కటిగా కొట్టండి, సిగ్గుపడొద్దు, షాపువాళ్ళకు ఇది అలవాటే. చార్జర్ ఒరిజినలో కాదో చూడండి, బిల్లు మీద సీరియల్ నంబరు రాయించండి.

మా ఇంట్లో చర్చ చివరికి ఇక్కడికే వచ్చి ఆగింది, కొత్త కింది మెట్టు బిజినెస్ మోడలా, పాత పై మెట్టు మోడలా అని. నేను పాతదాని వైపే మొగ్గాను. బావకు మనసొప్పలేదు. "ఆడపిల్ల మొదటిసారి ఉద్యోగానికి పోతాంటే వేరేవాళ్ళు వాడిపారేసింది ఇచ్చేదా?" అన్నాడు. దానికి నా దగ్గర సాంకేతికమైన జవాబు లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు, కట్నం కోసం కాకుండా చదువు కోసం దాచిన డబ్బు అది. పైగా మూడేళ్ళ ఆన్‌సైట్ కొత్తదానికే దొరుకుతుంది. కాబట్టి కొత్తదే కొన్నాం, 14 ఇంచీలు, రెండు మామూలు యూఎస్‌బీ పోర్టులు, నెట్ వైరు పోర్టు, ఖాళీ స్లాట్‌లో ఇంకో 8 జీబీ మేమే వేసుకున్నాం. పొడిగించిన వారంటీతో కలిపి బడ్జెట్ కొంచెం దాటింది, ఆ దాటినది మేనమామ లెక్కలో పోయింది.

కొన్నరోజే సెట్టింగుల్లో చార్జింగ్ 80 శాతం దగ్గర ఆగేలా పెట్టాను. ఈ వీలు ఇప్పుడు కన్స్యూమర్ మోడళ్ళలో కూడా చాలావాటికి ఉంది, మీ దాంట్లో ఉంటే ఈ రోజే పెట్టుకోండి. రోజంతా ప్లగ్గులో ఉంచి, నూటికి నూరు నిండిన బ్యాటరీని మన ఎండల్లో ఉడికిస్తే అది ఉబ్బేదానికి ఎక్కువ కాలం పట్టదు. ఆదోని పని ఉన్న నెలల్లో వెనక మూత తీసి ఫ్యాను చూడటం ఎలాగో ఆ అమ్మాయికే నేర్పించాను, స్క్రూలు విప్పి, ఫ్యాను రెక్క వేలితో ఆపిపట్టి, బ్రష్షుతో నూగు తీసి, మళ్ళీ తనే బిగించింది.

వాళ్ళ తమ్ముడు బీటెక్ మొదటి సంవత్సరం, ఇంట్లోంచే కాలేజీకి పోయొస్తాడు. వాడూ అడుగుతున్నాడు. వాడి ల్యాప్‌టాప్ టేబుల్ దిగదు, వాడికి కావాల్సింది గ్రాఫిక్స్ కార్డు, పెద్ద స్క్రీను, గేములు. వాడికి మాత్రం షాపులో బావకు నచ్చిన ఆ కన్స్యూమర్ రకమే సరిపోతుందని చెప్పాను, మూత రెండు చేతులతో ఎత్తమన్నాను. దసరా ఆఫర్ల దాకా ఆగమన్నాడు బావ.